ఖాళీ లారీ తాగే డీజిలు

వేసవి వచ్చిందంటే నున్న మామిడి మార్కెట్టు నుంచి ఢిల్లీకి లారీలు కదులుతాయి. దూరం సుమారు 1,800 కిలోమీటర్లు. నిండు లోడుతో లీటరుకు నాలుగు కిలోమీటర్లు వచ్చినా, ఢిల్లీ చేరేసరికి ఒక లారీకి 450 లీటర్ల డీజిలు కావాలి. లీటరు డీజిలు కాలితే దాదాపు 2.7 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. నూనెలోని కర్బనం గాలిలోని ప్రాణవాయువుతో కలుస్తుంది కనుక, కాల్చిన నూనె కంటె వెలువడే వాయువు బరువే ఎక్కువ. ఈ లెక్కన ఒక్క లారీ ఒక్క ప్రయాణంలో 1,200 కిలోల వాయువును గాలిలో కలుపుతున్నది.

భూమి వేడెక్కడానికి ముఖ్య కారణం ఈ వాయువే. ఎండలు ముదిరి, అకాల వర్షాలు పడి పూత, పిందె రాలిపోతే ముందుగా నష్టపోయేది రైతు. దేశంలోని వాహనాలలో డీజిల్ లారీలు నూటికి మూడే అయినా, రవాణా రంగం వెలువరించే ఇటువంటి వాయువులలో 42 శాతం వాటివల్లనే వస్తున్నదని 2025 జులైలో కేంద్ర ప్రభుత్వమే ప్రకటించింది. కనుక ఇది పట్నవాసుల గొడవ అని మన పల్లెలవారు ఊరుకోవడానికి వీలులేదు.

నల్లపొగ ఒక్కటే కాదు

పొగ పరీక్ష చేయించి సర్టిఫికెట్టు తెచ్చుకుంటే పని అయిపోయిందని చాలామంది అనుకుంటారు. డీజిల్ బండికి ఆ పరీక్షలో చూసేది పొగ ఎంత చిక్కగా వున్నదనే. బొగ్గుపులుసు వాయువుకు రంగూ లేదు, వాసనా లేదు. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బి.ఎస్.-6 బండ్లలో మసి, విషవాయువులు బాగా తగ్గాయి. అది మంచిదే. అయితే కాలే డీజిలు తగ్గితే తప్ప బొగ్గుపులుసు వాయువు తగ్గదు. అంటే దీనికి మందు డీజిలు ఆదా ఒక్కటే.

ఆదా మార్గాలు డ్రైవర్లకు తెలియనివి కావు. టైర్లలో గాలి సరిగా వుండాలి. ఎయిర్ ఫిల్టరు, ఇంజెక్టర్లు వేళకు చూపించాలి. బండి ఆగినచోట ఇంజను ఆపాలి. రోడ్డు ఖాళీగా వున్నది కదా అని అతివేగం పోరాదు. వీటివల్ల నూటికి పది లీటర్లు మిగిలితే, పైన చెప్పిన ఢిల్లీ ప్రయాణంలో 45 లీటర్లు ఆదా. లీటరు 97 రూపాయలు అనుకుంటే నాలుగువేల పైచిలుకు మిగులుతుంది. ఆ మిగులులో డ్రైవరుకు వాటా ఇవ్వాలి. రాత్రంతా నిద్ర కాచి బండి నడిపేవాడికి ఏమీ దక్కకపోతే, జాగ్రత్తగా నడపమని ఎంత చెప్పినా ప్రయోజనం వుండదు.

తిరుగు లోడు సమస్య

అన్నిటికంటె పెద్ద దుబారా ఖాళీ తిరుగుడు. సరుకు దించిన లారీ లోడు లేకుండా తిరిగివస్తే, ఆ డీజిలంతా ఎవరికీ ఉపయోగం లేకుండా కాలినట్లే. బయటి లారీకి లోడు ఇవ్వరాదు, ఊరి లారీలకే ఇవ్వాలి అన్న పట్టుదల చాలాచోట్ల వున్నది. దీని వెనుక వున్న బాధ అర్థం చేసుకోదగినదే. పొలం అమ్మి, ఫైనాన్సు తెచ్చి ఒక్క లారీ కొనుక్కున్నవాడు నెలనెలా వాయిదా కట్టాలి కదా! కాని ఇక్కడ మనం బయటి లారీని ఖాళీగా పంపితే, అక్కడ మన లారీని కూడా ఖాళీగానే పంపుతారు. చివరకు నష్టం ఇద్దరికీ. సీరియల్లో నాలుగైదు లోడ్లకు ఒకటి తిరుగు లారీలకు కేటాయించేటట్లు జిల్లాల సంఘాలు పరస్పరం ఒప్పందానికి రావడం మంచిది. అయితే తిరుగు లోడు దొరుకుతున్నది కదా అని వ్యాపారులు కిరాయి కోస్తే ఈ ఏర్పాటు నిలవదు. కనీస కిరాయికి అధికారుల పూచీ వుండాలి.

రైలు, కరెంటు లారీ

దూరపు సరుకును రైలుకు ఎక్కించడం మరో మార్గం. టన్నుకు అయ్యే ఇంధనం రైలులో ఎంతో తక్కువ. బెజవాడ నుంచి ఢిల్లీ వరకు కరెంటు రైళ్లే నడుస్తున్నాయి. 2020 సెప్టెంబరు 9న అనంతపురం నుంచి ఢిల్లీకి కిసాన్ రైలు బయలుదేరింది. ఆ రోజులలో పండ్లు, కూరగాయల కిరాయిలో సగం రాయితీ కూడా ఇచ్చారు. మామిడి సీజనులో మన జిల్లా నుంచి కూడా అటువంటి రైలు వేళ తప్పకుండా నడిస్తే రైతుకూ మేలు. తోట నుంచి స్టేషనుకు చేర్చే పని మన లారీలకు ఎలాగూ వుంటుంది.

ఇక కరెంటు లారీల సంగతి. 2025లో కేంద్రం ప్రకటించిన పథకం కింద ఒక్కో లారీకి గరిష్ఠంగా 9.6 లక్షల రూపాయల సాయం వున్నది. దేశమంతటికీ కలిపి సుమారు 5,600 లారీలకే ఇది వర్తిస్తుంది. పాత లారీని తుక్కుకు వేయాలన్న షరతు కూడా వున్నది. పెద్ద కరెంటు లారీ ఖరీదు కోటి దాటుతున్నప్పుడు ఒక్క బండి యజమాని దాని జోలికి ఎలా పోగలడు? ముందుగా పెట్టుబడి వున్న పెద్ద కంపెనీలు కదలాలి. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం బూడిద, జగ్గయ్యపేట సిమెంటు వంటి సరుకు రోజూ ఒకే దారిన తిరుగుతుంది. అటువంటి దగ్గర దూరాలకు కరెంటు లారీ చక్కగా సరిపోతుంది. మన కరెంటులో ఎక్కువ భాగం నేటికీ బొగ్గు నుంచే వస్తున్నది కనుక, సౌరవిద్యుత్తు పెరిగినకొద్దీ దీని ఫలితం మరింత కనిపిస్తుంది.

పొగ తగ్గించాలనడంలో రెండు మాటలు లేవు. కాని ఆ భారమంతా వాయిదాలకింద నలుగుతున్న చిన్న యజమాని నెత్తిన వేయడం న్యాయం కాదు. తిరుగు లోడు, గిట్టుబాటు కిరాయి, సీజనులో రైలు - ఈ మూడింటికీ కోట్లు అక్కరలేదు. రవాణా శాఖ, రైల్వే, లారీ యజమానుల సంఘాలు, మార్కెట్టు పెద్దలు వచ్చే మామిడి సీజను లోపల ఒకచోట కూర్చుని ఈ సంగతి తేల్చడం ఎంతైనా అవసరం.