మధ్యమ రాజ్యములు - మార్కాపురపు రాయి

ప్రపంచ రాజకీయములలో మధ్యమ రాజ్యముల ప్రాభవము పెరుగుచున్నదని నేడెల్లెడల వినవచ్చుచున్నది. 2022 మొదలు 2025 వరకు ఇండోనేషియా, భారతము, బ్రెజిలు, దక్షిణాఫ్రికా వరుసగా జి-20 కూటమికి అధ్యక్షత వహించినవి. 2023లో ఢిల్లీ సభయందే ఆఫ్రికా సమాఖ్యకు అందు సభ్యత్వము లభించినది. ఇవి సంతోషింపదగిన విషయములే. కాని పీఠము వేరు, బలము వేరు. ఈ రెంటి తారతమ్యమును 2025వ సంవత్సరము మనకు నిష్ఠురముగా బోధించినది.

ఆ యేటి ఆగష్టు మాసములో అమెరికా ప్రభుత్వము బ్రెజిలు సరకులలో పెక్కింటిపైనను, మన సరకులలో పెక్కింటిపైనను సుంకమును 50 శాతమునకు పెంచినది. బ్రెజిలు విషయమున ఆ దేశపు మాజీ అధ్యక్షునిపై నడచిన విచారణ ఒక కారణముగా చూపబడినది. మన విషయమున అందు సగము రష్యా చమురు కొనుచున్నందులకు విధింపబడిన శిక్ష. ఇది వాణిజ్యము కాదు, శాసనము.

ఇట్టి శాసనముల దెబ్బ రాజధానులలో ఆగిపోవునది కాదు. మార్కాపురము చుట్టుపట్ల గనులలో లభించు పలకరాయి ఒకప్పుడు తెలుగు బిడ్డల అక్షరాభ్యాసమునకు ఆధారము. నోటు పుస్తకములు, ప్లాస్టిక్ పలకలు వచ్చిన పిమ్మట ఆ రాయి నేలబండలుగను, గోడ బిళ్ళలుగను మారి విదేశములకు పోవుచున్నది. మార్కాపురము, గిద్దలూరు సీమ కరవునకు పెట్టినది పేరు. పైరు పండని యేట పలువురకు రాతిపనియే కూడు. దూరదేశమున సుంకము పెరిగినచో కొనువాడు ధర తగ్గింపుమనును. ఆ భారము చేతులు మారి మారి తుదకు గనిలోని కూలివాని వీపుపై బడును. జెనీవాకు పోయి వాదించు శక్తి వానికి లేదు. వానికి అండ నియమమొక్కటియే.

కౌటిల్యుడు మధ్యముని లక్షణమును రెండు వేల యేండ్లకు దగ్గరగా పూర్వమే నిరూపించియున్నాడు. విజిగీషువునకును, వాని శత్రువునకును పొరుగున నుండి, వారు కలసియున్నను విడియున్నను సాయపడగలవాడు మధ్యముడు. కాని వారు విడిపోయియున్నప్పుడు మాత్రమే వారిని నిగ్రహింపగలవాడు. అనగా అగ్రరాజ్యములు కలహించునంత కాలమే వీని మాటకు గిరాకి. అవి రాజీపడిన నాడు వీనిని పలుకరించువారుండరు. కావున కలహకాలముననే మధ్యములు తమలో తాము కట్టుబాటు చేసికొనవలెను.

అట్లు చేసికొనిన దినములును కలవు. 2003లో మెక్సికోలోని కాన్‌కూన్ సభయందు బ్రెజిలు, భారతము, దక్షిణాఫ్రికా మున్నగు దేశములు చేతులు కలిపి, సంపన్న దేశముల వ్యవసాయ సబ్సిడీల నెదిరించి, తమ రైతులకు ప్రతికూలమగు ఒడంబడికకు లోబడక నిలిచినవి. 2025లో ఆ ఐకమత్యము కానరాలేదు. బ్రెజిలు జెనీవాలో ఫిర్యాదు చేసినది; మన ప్రభుత్వము వాషింగ్టనుతో విడిగా బేరము సాగించినది.

ఈ యెడబాటునకు కారణము లేకపోలేదు. 2019లో బ్రెజిలు, ఆస్ట్రేలియా, గ్వాటెమాల మన చక్కెర సబ్సిడీలపై ప్రపంచ వాణిజ్య సంస్థలో వ్యాజ్యము వేసి, 2021లో గెలిచినవి. మనవారు అప్పీలు చేసిరి. కాని సభ్యుల నియామకమును అమెరికా అడ్డుకొనుటచే ఆ అప్పీలు పీఠము 2019 డిసెంబరు నుండియే స్తంభించియున్నది. వినువారు లేని అప్పీలు నాడు మనకు ఉపశాంతి నిచ్చినది. ఆ మూతబడిన ద్వారమే 2025లో మనల నిస్సహాయుల గావించినది. మనకు నచ్చినప్పుడు నియమము లేకుండుటను మెచ్చి, నొచ్చినప్పుడు నియమమునకై మొరపెట్టుట ధర్మము కాదు, నేర్పును కాదు.

ఐరోపా సమాఖ్య, బ్రెజిలు, కెనడా, ఆస్ట్రేలియా మున్నగునవి 2020లో ఒక తాత్కాలిక అప్పీలు ఏర్పాటును తమలో తాము కల్పించుకొనినవి. భారతము అందు చేరలేదు. చేరవలెనని మా దృఢాభిప్రాయము. అమెరికా అందు లేదు గనుక ప్రయోజనమేమని కొందరందురు. నిజమే, అది అమెరికాను బంధింపజాలదు. కాని మధ్యములను ఒండొరులతో బంధించును. ఆ బంధమే రేపటి ఉమ్మడి ప్రతిఘటనకు పునాది. చక్కెర వ్యాజ్యము వంటి వాటిలో మనకు ఓటమియు కలుగవచ్చును. ఆ మూల్యము చెల్లింపనిదే నియమము మనకు రక్షణ కానేరదు.

ఢిల్లీ పెద్దలు ఎన్ని కూటములకు అధ్యక్షత వహించిరన్నది చరిత్రకారులు లెక్కించుకొందురు. ఇంకొక మారు సుంకపు కొరడా లేచినప్పుడు మనతో కలసి నిలుచువారెందరన్నది మార్కాపురపు గనిపనివాని లెక్క. మాకు ఆ లెక్కయే ముఖ్యము.