మెరుపు కొన్నాం... మరి కాపాడేదెవరు?

కొత్త కారు కొనడానికి వెళ్తే చాలాచోట్ల ఒక మాట తప్పకుండా అడుగుతారు. ‘‘సెరామిక్ కోటింగ్ కూడా వేయించమంటారా మేడమ్? రంగు చెక్కు చెదరదు. నీళ్లు పోస్తే చాలు, మురికంతా జారిపోతుంది’’ అని. కారుకి లక్షలు పోసినవాళ్లం, ఇంకొన్ని వేలకు వెనకాడతామా? సరేనంటాం. పని పూర్తయ్యాక బానెట్ మీద మగ్గుడు నీళ్లు పోసి చూపిస్తారు. నీళ్లన్నీ ముత్యాల్లా చుట్టుకుని జర్రున జారిపోతాయి. చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉంటుందో!

మా ఇంట్లోనూ అదే జరిగింది. ఎనిమిది నెలలు తిరిగేసరికి ఆ ముత్యాలు మాయమైపోయాయి. వాన పడితే నీళ్లు పలచటి పొరలా పరుచుకుని అలాగే నిలుస్తున్నాయి. తలుపుల మీద తెల్లటి చుక్కలు. ఎండలో చూస్తే సాలెగూడు లాంటి సన్నటి గీతలు. కోటింగ్ వేసిన దుకాణానికి ఫోన్ చేశాను. అవతలి అబ్బాయి ‘‘మళ్లీ వేయించాల్సిందే మేడమ్. సార్‌ని ఒకసారి మాట్లాడమనండి, ఆయనకైతే అర్థమయ్యేలా చెప్తాం’’ అన్నాడు. ఆ కారు రోజూ నడిపేది నేను. పిల్లల్ని బడి దగ్గర దింపేదీ, కూరగాయలు మోసుకొచ్చేదీ నేనే. అయినా దాని ఒంటికి పూసిందేమిటో నాకు చెప్పనక్కర్లేదట!

ఆ మాట గుచ్చుకుంది. అందుకే పట్టుబట్టి తెలుసుకున్నాను. తీరా చూస్తే ఇందులో మనకు అర్థం కాని బ్రహ్మవిద్య ఏమీ లేదు. నాన్‌స్టిక్ పెనాన్ని గీతలు పడకుండా కాపాడుకునే ప్రతి ఇల్లాలికీ సగం తెలిసిన సంగతే.

కారు రంగంటే ఒక్క పొర కాదు. రేకు మీద ప్రైమర్, దానిపైన రంగు, ఆపైన గాజులా కనిపించే క్లియర్ కోట్. ఈ చివరి పొర మందం సుమారు 40, 50 మైక్రాన్లు. అంటే ఇంచుమించు సన్నటి తలవెంట్రుకంత! సిలికాతో తయారుచేసిన ద్రవాన్ని దానిమీద పూసి గట్టిపడనిస్తారే, అదే సెరామిక్ కోటింగ్. దాని మందం మామూలుగా ఒకటి, రెండు మైక్రాన్లే. పూర్వం నుంచీ వాడే మైనం పాలిష్ అయితే కొన్ని వారాలు, మహా అయితే కొన్ని నెలలు ఉంటుంది. సెరామిక్ ఏళ్ల తరబడి ఉంటుందంటారు. ఉంటుంది కూడా... చూసుకునేవాళ్లు ఉంటే.

మనవాళ్లు ఎప్పటినుంచో అంటున్న మాటే, తామరాకు మీద నీటిబొట్టు అని. ఆ ఆకు మీద కంటికి కనిపించనంత చిన్న బొడిపెలు, వాటి మీద మైనం ఉంటాయి. అందుకే నీరు అంటదు. జారిపోతూ దుమ్మును కూడా తీసుకుపోతుంది. జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయానికి చెందిన బార్త్‌లాట్ అనే వృక్షశాస్త్రవేత్త, తన సహచరుడితో కలిసి 1997లో ఈ సంగతిని వివరంగా రాశారు. అయితే ఒక తేడా ఉంది. తామరాకు అరిగిన మైనాన్ని తనే మళ్లీ తయారుచేసుకోగలదు. కారుకి ఆ వరం లేదు. ఎవరో ఒకరు చూసుకోవాల్సిందే.

మరి మనం ఏం చేస్తున్నాం? తెల్లారేసరికి పొడిగుడ్డతో దుమ్ము దులుపుతున్నాం. ఆ దుమ్ములో ఇసుక ఉంటుంది. పొడిగా రుద్దితే గరుకు కాగితంతో రుద్దినట్టే. బట్టలుతికే పొడి కలిపి కడుగుతున్నాం. దానికి మైనం పాలిష్ త్వరగా పోతుంది. సెరామిక్ ఒక్క రోజులో పోదుగానీ, నీటిని విదిల్చే గుణం మెల్లమెల్లగా తగ్గుతుంది. ఇక మన బోరు నీళ్ల సంగతి చెప్పేదేముంది! బిందెల అడుగున, కుళాయిల మూతుల దగ్గర పేరుకునే తెల్లటి గారే ఇక్కడా. కోటింగ్ ఉన్న కారు మీద నీళ్లు బొట్లుబొట్లుగా నిలుస్తాయి కదా, అవి ఎండకు ఆరితే ఒక్కో బొట్టూ ఒక్కో తెల్లటి వలయంగా మిగిలిపోతుంది. కోటింగ్ ఉంది కదా అని తుడవకుండా వదిలేయడమే అసలు పొరపాటు.

చేయాల్సింది చాలా సులువు. నీడలో, కారు వేడి తగ్గాక కడగాలి. ముందు ఊరికే నీళ్లు పోసి ఇసుక పోనివ్వాలి. రెండు బకెట్లు పెట్టుకోవాలి. ఒకదాంట్లో కార్ల కోసం అమ్మే గాఢత లేని షాంపూ, రెండోదాంట్లో గుడ్డ జాడించుకోవడానికి మంచినీళ్లు. పైనుంచి కిందికి కడగాలి. చక్రాలకు వేరే గుడ్డ. కడగ్గానే మెత్తటి మైక్రోఫైబర్ తువ్వాలుతో అద్ది తడి లేకుండా తుడవాలి. ఈ తువ్వాళ్లను మసిగుడ్డలతో కలిపి ఉతక్కూడదు. పక్షి రెట్ట పడితే ఆదివారం దాకా ఆగకండి. ఎండకు అది రంగును తినేస్తుంది. తడిగుడ్డ కాసేపు వేసి నానాక తీసేయండి. దసరాకి బానెట్ మీద పెట్టే పసుపు, కుంకుమలనూ అంతే. ఎండిపోయాక రుద్దకుండా తడిపి తుడవాలి.

మళ్లీ కోటింగ్ వేయించే ముందు ఒక పరీక్ష చేసి చూడండి. బాగా కడిగి, తెల్ల మచ్చల మీద సగం వెనిగర్, సగం నీళ్లు కలిపి అద్దండి. ముందు ఓ మూల ప్రయత్నించి, ఒక నిమిషంలోపే కడిగేయండి. ఆ తర్వాత మగ్గుడు నీళ్లు పోయండి. మా కారు బానెట్ మీదా, పైకప్పు మీదా ముత్యాలు మళ్లీ కనిపించాయి! కోటింగ్ పోలేదు. సబ్బు జిడ్డు, ఉప్పు పొర కింద దాక్కుందంతే. తలుపుల మీది గీతలు మాత్రం అలాగే ఉన్నాయి. వాటిని చెరిపే మందు మన ఇంట్లో లేదు.

ఆ గీతల గురించే ఒక మాట చెప్పాలి. మా సెల్లారులో పది కార్లు తుడిచే అబ్బాయిని పిలిచి గట్టిగా అడగబోయాను. ‘‘నాకెవరూ చెప్పలేదమ్మా. మీరిచ్చిన పొడితోనే కడుగుతున్నా, మీరిచ్చిన బనీను గుడ్డతోనే తుడుస్తున్నా’’ అన్నాడు. నోట మాట రాలేదు. మెరుపు కోసం దుకాణానికి వేలు పోశాం. దాన్ని రోజూ కాపాడే చేతికి నెలకు కొన్ని వందలు, చిరిగిన బనీను ఇచ్చాం. ఒక్క మాట చెప్పామా? లేదు. దుకాణంవాడు నాకు చెప్పలేదని కోపం వచ్చిందే, నేను చేసిందీ అదే కదా!

ఇప్పుడు అతనికి షాంపూ, రెండు మంచి తువ్వాళ్లు ఇచ్చాం. రోజూ పొడిగుడ్డ దులపడం మాన్పించాం. వారానికి ఒకసారి రెండు బకెట్లతో శ్రద్ధగా కడిగితే చాలన్నాం. పని తీరు మారింది కాబట్టి జీతమూ పెంచాం. పైపు పెట్టి నీళ్లు పారబోయడం కూడా తప్పింది. 2024 మార్చిలో బెంగళూరులో తాగునీటితో కార్లు కడిగితే 5,000 రూపాయల జరిమానా అన్నారు. ఆ పరిస్థితి మన ఊరి దాకా రాకముందే మేలుకుంటే మంచిది కదా.

కనిపెట్టుకుని ఉండే పని ఎప్పుడూ ఇంతే. చేస్తున్నంతకాలం ఎవరి కంటికీ ఆనదు. మానేసిన రోజునే కనిపిస్తుంది. ఇంటిపని చేసే మనకు ఇది ఒకరు చెప్పాలా? అందుకే ఈసారి ఏదైనా వస్తువుకి పూత వేయిస్తామని ఎవరైనా అంటే, డబ్బులిచ్చే ముందు మూడు ప్రశ్నలు అడగండి. ఇది ఏమిటి? దీన్ని దేనితో కడగాలి? గ్యారంటీ నిలవాలంటే ఎన్నాళ్లకోసారి మీ దగ్గరకు తేవాలి? ‘‘సార్‌ని పంపండి’’ అంటే... ‘‘నాకే చెప్పండి, కారు నడిపేది నేనే’’ అనండి. విన్నది ఇంటికొచ్చి, దాన్ని కడిగే మనిషికి కూడా చెప్పండి.