పరదేశమున వైద్యవిద్యార్థి

విద్యకొఱకు దేశాంతరమునకు పోవుట నూతనాచారము కాదు. చీనాదేశపు హ్యూయన్‌త్సాంగ్ నాలందకు వచ్చి చదివెను. కాని వైద్యవిద్య తక్కిన విద్యలవంటిది కాదు. గణితము నేర్చువానికి గ్రంథమును గురువును చాలును. వైద్యము నేర్చువాడు రోగి చెంతకు పోయి అతని బాధను వినవలెను. కావున వైద్యవిద్యాలయమున చేరిన పరదేశివిద్యార్థికి పరీక్షలు రెండు. ఒకటి శాస్త్రపరీక్ష; రెండవది పరాయి నేలపై బ్రదుకు పరీక్ష. మొదటిదానికి గురువులు కలరు. రెండవదానికి తఱచుగా ఎవరును ఉండరు.

1885వ సంవత్సరము అక్టోబరు నెలలో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున ఒక ఛాయాచిత్రము తీయబడెను. అందు ముగ్గురు యువతులు తమ తమ దేశవేషములతో కనబడుదురు. ఒకామె మహారాష్ట్రమునుండి వెళ్లిన ఆనందీబాయి జోషి. ఒకామె జపానుదేశపు ఒకామి కెయికో. మఱియొకామె సిరియాదేశపు సబాత్ ఇస్లాంబూలీ. మువ్వురును పెన్సిల్వేనియా మహిళా వైద్యకళాశాల విద్యార్థినులే. స్త్రీలు వైద్యము చదువుటయే వింతగా తోచిన ఆ దినములలో, పరదేశపు వనితలకు తలుపు తెఱచిన ఆ కళాశాల ఔదార్యము కొనియాడదగినది.

కాని తలుపు తెఱచుటతో ధర్మము తీఱునా? ఆనందీబాయి కథ ఈ ప్రశ్నను మన ముందుంచుచున్నది. ఆమెకు పుట్టిన పసికందు పదిదినములకే మరణించెను. ఆ దుఃఖమే ఆమెను వైద్యవిద్యకు పురికొల్పెను. 1883లో, పదునెనిమిదేండ్ల ప్రాయమున, భర్త తోడు లేకుండ ఆమె సముద్రము దాటెను. న్యూజెర్సీలో కార్పెంటరను గృహిణి ఆమెను కన్నబిడ్డవలె చూచుకొనెను. కాని కళాశాల ఉన్న నగరమున ఆమెకు దొరకిన గదిలో పొయ్యి సరిగా మండెడిది కాదు. మంట వేసినచో పొగ. వేయకున్నచో గడ్డకట్టు చలి. శాకాహారిణి యగుటచే భోజనమునకును ఇబ్బందియే. 1886 మార్చిలో ఆమె పట్టము పొందెను. కొల్హాపురపు వైద్యశాలలో స్త్రీల విభాగమునకు వైద్యురాలుగా నియమింపబడెను. కాని అప్పటికే క్షయ ముదిరియుండెను. 1887 ఫిబ్రవరిలో, ఇరువదిరెండేండ్లయినను నిండకమునుపే, ఆమె కన్నుమూసెను.

క్షయ సూక్ష్మజీవులవలన కలుగు వ్యాధి. ఒక గదిని మాత్రమే నిందించుట న్యాయము కాదు. అయినను చాలీచాలని తిండితో క్షీణించిన శరీరము వ్యాధిని ఎదిరింపజాలదని వైద్యశాస్త్రమే చెప్పుచున్నది. ఆ శాస్త్రమును బోధించు విద్యాలయములు తమ విద్యార్థుల విషయమున దానిని మఱువరాదు.

కష్టములే మనుష్యుని తీర్చిదిద్దునని కొందఱందురు. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావును వారు ఉదాహరింతురు. ఆయన 1923లో బోస్టను చేరి హార్వర్డు ఉష్ణమండల వైద్యపాఠశాలలో ప్రవేశించెను. పగలు పాఠములు వినుచు, రాత్రులందు ఒక ఆసుపత్రిలో రోగుల మలమూత్రపాత్రలను శుభ్రపఱచి పొట్టపోసికొనెను. 1925లో ఫిస్కెతో కలిసి ఆయన ప్రకటించిన భాస్వరపరిమాణ నిర్ణయపద్ధతి నేటికిని వారిరువురి పేర నిలిచియున్నది. ఆ మహనీయుని పట్టుదలకు చేతులు జోడింపవలసినదే. అయినను ఈదరినుండి ఆదరికి ఈదిన ఒక్కని చూపి, ఏటికి వంతెన అక్కఱలేదనుట వివేకము కాదు. నడుమ మునిగిపోయినవారి కథలను ఎవరు వ్రాసిరి?

నేడు తెలుగునాటినుండి అనేకులు రష్యా, జార్జియా, కిర్గిజ్‌స్తాన్ మొదలగు దేశములకు వైద్యవిద్యకై పోవుచున్నారు. వారిలో చాలమందికి పాఠములు ఆంగ్లమున సాగును. కాని ఆసుపత్రి మంచముపై నున్న ముసలమ్మ తన నొప్పిని తన భాషలోనే చెప్పుకొనును. ఎచ్చట నొచ్చుచున్నదో, ఎప్పటినుండియో తెలిసికొనలేని విద్యార్థి ప్రక్కన నిలిచి చూచునే గాని వైద్యము నేర్వజాలడు. కావున రోగి భాష అలంకారము కాదు. అది వైద్యుని పనిముట్టు. దానిని బోధించుట విద్యాలయపు విధి. స్వదేశీయుల గుంపులోనే కాలము గడపక, దానిని శ్రద్ధతో అభ్యసించుట విద్యార్థి విధి.

మనము పంపువారమే కాదు, చేర్చుకొనువారము కూడ. నేపాలు మొదలగు దేశములనుండి మన వైద్యకళాశాలలకు విద్యార్థులు వచ్చుచున్నారు. భారతదేశమున 2019లో ప్రవేశపెట్టిన వైద్యవిద్యాప్రణాళిక, ప్రారంభపాఠములలో స్థానికభాషకును చోటిచ్చెను. ఇది మంచి మార్గము. దీనికి తోడు ఆరోగ్యకరమైన వసతియు, అలవాటైన ఆహారమును, కష్టసుఖములు విచారించు పెద్ద యొకరును ఉండవలెను. ఇవి దయాభిక్షలు కావు, విద్యలో భాగములే.

రోగిని ఎట్లు ఆదరింపవలెనో విద్యార్థి గ్రంథములో చదువును. ఆదరణ యననేమో మాత్రము తాను పొందిన ఆదరణ వలననే తెలిసికొనును. పరాయి బిడ్డకు మనము చూపిన ప్రేమ ఏనాడో ఏ దూరదేశముననో ఒక రోగి మంచము చెంతకు చేరును.