అత్తగారూ, బెంగుళూరు ఫోనూ

ఓర్వకల్లు నుంచి ఒక సోదరి యిలా రాశారు: "మా అత్తకు డెబ్బయి ఎనిమిదేండ్లు. రెండేండ్లుగా మతి నిలవదు. పొద్దుగూకితే 'మా యింటికి పోతా' అని చెప్పులు వెతుకుతాది. ఆమె వుండేది ఆమె యింట్లోనే! కమ్మలు నేనే తీసినానని వీధిలో చెప్తాది. బెంగుళూరులో వుండే మా మరిది రాత్రిపూట ఫోన్ చేసి, 'అమ్మ బాగానే మాట్లాడింది గదా వదినా, నువ్వే ఊరికే భయపడతాండావు' అంటాడు. నేనెవరికి చెప్పుకునేది?"

మీ మరిది అబద్ధమాడటం లేదమ్మా. బాగుండావా నాయనా, అన్నం తింటివా, పిల్లోళ్ళు బాగుండారా — యీ మాటలు ఆమె నోటికి అరవై యేళ్ళ అలవాటు. వాటికి జ్ఞాపకంతో పని లేదు. అయిదు నిమిషాల ఫోనులో యీ జబ్బు దొరకదు. అందుచేత ఆయనను రాత్రి తొమ్మిదికి కాక, సాయంత్రం ఆరింటికి వీడియోలో పిలవమనండి. ఫోను గోడకు ఆనించి, ఆమె ముందు పెట్టి, మీరు పొయ్యి దగ్గరకు వెళ్ళిపోండి. పది సాయంత్రాలు గడిస్తే ఆయనకే తెలిసివస్తుంది. పైగా ఆ అరగంట ఆమెను మాటల్లో పెట్టే భారం ఆయనదవుతుంది.

దీన్ని డాక్టర్లు డిమెన్షియా అంటారు. అందులో ఎక్కువగా కనిపించే రకాన్ని 1906లో ఆల్జీమర్ అనే జర్మన్ వైద్యుడు వివరించాడు. మన దేశంలో అరవై దాటినవారిలో నూటికి ఏడుగురికి పైగా, అంటే సుమారు 88 లక్షలమందికి వుందని 2023లో వెలువడిన అధ్యయనం చెబుతోంది. అయితే మతిమరుపంతా యిదే కాదు సుమా! థైరాయిడ్ తగ్గినా, బి12 విటమిన్ లోపించినా, దిగులు పట్టినా యిలాగే వుంటుంది, వాటికి మందుంది. కనుక ఒక్కసారి కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి రక్తపరీక్షలు చేయించండి. ఆ తీసుకెళ్ళే రోజున మరిదిని రమ్మనండి.

కమ్మల సంగతి: "నేను తీయలేదు" అని వాదించకండి. "రా అత్తా, వెతుకుదాం" అనండి. దిండు కింద, బియ్యం డబ్బాలో దొరుకుతాయి. దాచిందీ ఆమే, మరిచిందీ ఆమే. "యిది నీ యిల్లే" అనీ గద్దించవద్దు. ఆమె అడిగే యిల్లు పుట్టినిల్లు కావచ్చు. అక్కడ ఏ చెట్టుండేదో అడుగుతూ వీధిలో ఒక చుట్టు తిప్పి తీసుకురండి.

నాకు భయమల్లా నంద్యాల రోడ్డు. రాత్రిపూట లారీలు ఆగవు. తలుపుకు ఆమె చేతికందని ఎత్తున గడియ పెట్టించండి, రవికె అంచున మీ ఫోన్ నంబరు కుట్టండి. మీ మండలంలో పొదుపు సంఘాలు పేరుమోసినవి కదా. వచ్చే సమావేశంలో నాలుగు మాటలు చెప్పండి. ఆమెది జబ్బని తెలిస్తే, ఒంటరిగా కనబడ్డప్పుడు వాళ్ళే చేయి పట్టుకుని తెస్తారు. కమ్మల పుకారూ ఆగుతుంది.

మీకే గుండె బరువెక్కితే 14416కు ఫోన్ చేయండి. 2022లో మొదలైన టెలిమానస్ అది. రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు. వృద్ధుల సాయానికి 14567 వుంది. విసుగొచ్చి అత్తగారిమీద కేకలేశానని చెప్పినా అక్కడ ఎవరూ మిమ్మల్ని తిట్టరు.

కాని ఫోను స్నానం చేయించలేదు, పక్కబట్టలు ఉతకలేదు. తల్లిదండ్రుల పోషణకు 2007లో వచ్చిన చట్టంలో "పిల్లలు" అంటే కొడుకు, కూతురు, మనుమడు, మనుమరాలు అని రాసివుంది. కోడలి మాట లేదు. కోర్టుకు వెళ్ళమని కాదు నేననేది. నెలకు యింత డబ్బు, ఏడాదికి రెండుసార్లు పదేసి రోజులు మరిది వచ్చి వుండాలని, మీరు పుట్టింటికి వెళ్ళి నిద్రపోవాలని. యీ పేజీ చింపి ఆయనకు పంపినా నాకు అభ్యంతరం లేదు.