సముద్రానికి హాజరైన ఊరు

విశాఖపట్నం ఫ్లాట్ల ప్రకటనలలో ‘సీ ఫేసింగ్’ అనే ఆంగ్ల సమాసం తరచుగా కనబడుతుంది. సముద్రం వైపు ముఖం ఉన్నదని దాని అర్థం. ‘సీసైడ్’ అంటే తీరాన ఉన్నదని మాత్రమే. ఇంట్లోనుండి నీరు కనిపించాలన్న నియమం లేదు. ‘సీ ఫేసింగ్’ అన్నప్పుడు కనిపించి తీరాలి.

అరబ్బీలోనూ ఇటువంటి పదబంధమొకటి ఉన్నది. దివ్యఖుర్ఆన్ సూరా అల్ ఆరాఫ్ 163వ ఆయత్‌లో ఒక ఊరిని ‘హాజిరతల్ బహ్ర్’ అని పేర్కొనడం జరిగింది. బహ్ర్ అంటే సముద్రం. హాజిర్ మనకు కొత్త మాట కాదు. బడిలో పిలిచే ‘హాజరు’ కూడా ఆ ధాతువు నుండి వచ్చినదే. సముద్రం చెంతనే ఉన్న ఊరని భావం. అది అఖబా సింధుశాఖ తీరాన ఉండిన ఐలా అని పలువురు వ్యాఖ్యాతలు తెలిపారు.

ఆ ఊరివారికి శనివారం చేపల వేట నిషిద్ధం. సరిగ్గా ఆ రోజే చేపలు నీటిపైకి వచ్చేవి. తక్కిన రోజులలో వచ్చేవి కావు. అదే వారికి పరీక్ష. కొందరు శుక్రవారం వలలు పన్ని, ఆదివారం చేపలు తీసుకున్నారని వ్యాఖ్యానాలలో ఉన్నది. ఆజ్ఞను పాటించినట్లే కనిపిస్తూ దానిని ఉల్లంఘించారు. వడ్డీకి వేరే పేరు పెట్టి ఇల్లు గడుపుకునేవారు చేస్తున్నదీ ఇదే కాదా?

చెడును వారించినవారిని అల్లాహ్ రక్షించాడని 165వ ఆయత్ తెలుపుతున్నది. కనుక ఇంట్లో ఇటువంటి ఉపాయం తలెత్తినప్పుడు భార్య అయినా, బిడ్డ అయినా మృదువుగా వారించాలని మేము కోరుతున్నాము. అల్లాహ్ సన్నిధిలో హాజరు కావలసిన రోజును మరువకుండా జీవించే భాగ్యాన్ని ఆయన మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.