నలభై రెండో రోజు కోసం

అయ్యప్ప మాల వేసుకున్నాక మందు ముట్టనివాణ్ణి మన ఊళ్లో అందరం చూశాం. చన్నీళ్ల స్నానం, నేల మీద పడక, 41 రోజులు బెల్టు షాపు వైపు తల కూడా తిప్పడు. కొండకు వెళ్లొచ్చి మాల తీసిన మర్నాడు మళ్లీ అక్కడే తేలతాడు. "వాడి బుద్ధే అంత" అని తేల్చేస్తాం.

ఆ తీర్పు మాకు ఒప్పుదల కాదు. 41 రోజులు మానినవాడికి మానే శక్తి లేదనడం ఏ లెక్క? దీక్షలో ఉన్నన్నాళ్లూ ఊరంతా అతన్ని 'స్వామీ' అని పిలిచింది, కట్టుకున్న భార్యతో సహా. తాగనని ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేకపోయింది, నల్లబట్టలే ఆ పని చేశాయి. గ్లాసు చేతిలో పెట్టే స్నేహితుడు కూడా చెంపలేసుకుని తప్పుకున్నాడు. పొద్దు గూకేసరికి భజనకు వెళ్లాలి. భక్తి సంగతి స్వామికే వదిలేద్దాం, మిగతావన్నీ మనుషులు ఇచ్చినవే. మాలతో పాటు వాటినీ మనమే లాగేసుకున్నాం.

వాటిని 42వ రోజు నుంచి కూడా ఇవ్వడానికే ఈ సమితి. పేరింకా కుదరలేదు. వచ్చిన ప్రతి పేరులోనూ 'విముక్తి' ఉండేసరికి మాకే నవ్వొచ్చింది.

1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో సంపూర్ణ నిషేధం పోయింది. ఆ పోరాటానికి దండం పెడుతూనే ఒక మాట: మందు దొరికే ఊళ్లో కూడా వద్దనుకునే మనిషి కావాలి. మా పని అక్కడ.

మేము ఒట్లు వేయించం. బిడ్డ తల మీద చెయ్యేసి చేసిన ఒట్టు తప్పినవాడు ఒక్క గుక్కతో ఆగడు. 'ఎలాగూ పాపం తగిలింది' అని సీసా అడుగు చూస్తాడు. ఈ జారుడును అమెరికా మనస్తత్వవేత్త అలన్ మార్లాట్ ఏళ్ల తరబడి పరిశీలించాడు. గద్దించం కూడా. చికిత్స చేసేవాళ్లు ఎంత నిలదీస్తే ఎదుటివాళ్లు అంత ఎక్కువ తాగారని మరో మనస్తత్వవేత్త విలియం మిల్లర్ బృందం 1993లో చూపింది. మన ఇళ్లలో ఇది ఎవరికి తెలియదు? ఇక, తెలియకుండా అన్నంలో మాత్ర కలపడం. ఆ మాత్ర, డైసల్ఫిరామ్, కడుపులో ఉండగా తాగితే ప్రాణం మీదికి రావచ్చు. బతికి బయటపడ్డా ఇంటి అన్నం మీద నమ్మకం పోతుంది.

"ఎందుకు మానవు?" అని అడిగితే తాగడానికి కారణాలు చెబుతాడు. "మానితే నీకేం కలిసొస్తుంది?" అని అడుగుతాం. జవాబు అతని నోటి నుంచే రావాలి. అది కూతురి పెళ్లే కానక్కర్లేదు, పొద్దున్నే చెయ్యి వణక్కుండా టీ గ్లాసు పట్టుకోవాలన్న కోరికైనా మాకు చాలు.

వణుకు మాట వచ్చింది కనుక: ఏళ్లుగా రోజూ తాగేవాళ్లు ఉన్నపళంగా ఆపితే మొదటి రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, మతి తప్పవచ్చు. అక్కడ మనోబలం పనికిరాదు, డాక్టరు కావాలి. వెంట మేమొస్తాం. మత్తు మాన్పించడానికి ప్రభుత్వ ఉచిత ఫోను 14446.

రుసుము లేదు. తాగి వచ్చినా వెనక్కి పంపం, ఆ పూటకు ఊరికే కూర్చోమంటాం. మకరజ్యోతి చూసొచ్చినవాళ్లు బస్సు దిగిన సాయంత్రమే మొదలు. రోజూ ఆరున్నరకు, షాపు ముందు గుంపు చేరే వేళకే, బడి వరండాలో. టీ మాది.