కాన్పు సూది రెండో పని

బంధుగాం కొండల్లో ఆక్సిటోసిన్ అంటే కాన్పు సూది. తల్లి కువి మాట్లాడినా తెలుగు మాట్లాడినా, బిడ్డ బయటపడిన నిమిషంలో తొడకు 10 యూనిట్లు. గర్భాశయం గట్టిగా ముడుచుకుని రక్తస్రావం ఆగుతుంది. ఆ చిన్న గాజు సీసాను 2 నుంచి 8 డిగ్రీల చలిలో ఉంచాలి. కరెంటును నమ్ముకోలేని చోట ఇదేమంత చిన్న షరతు కాదు.

ఈ సంచిక ముఖ్య వ్యాసం మాత్రం ఈ హార్మోన్ మెదడు అడుగున చేసే పని గురించి. హైపోథాలమస్‌లో తయారై, పిట్యూటరీ వెనుక భాగంలో నిల్వ ఉంటుంది. బిడ్డ రొమ్ము పట్టగానే విడుదలై పాలను చేపుకు తెస్తుంది. పాలు తయారయ్యేది ముందు భాగం వదిలే ప్రొలాక్టిన్ వల్ల. మరి వెనుక గది మాట ముందు గది వింటుందా? ఎలుకల్లో వింటుంది, ప్రొలాక్టిన్ పెరుగుతుంది. మనుషుల్లో అంత సూటిగా లేదు. అయితే 1980ల్లో మగవాళ్ల నరంలోకి ఆక్సిటోసిన్ ఎక్కించి చూస్తే, పిట్యూటరీ వదిలే ఏసీటీహెచ్ తగ్గింది, దాంతో ఒత్తిడి హార్మోన్ కార్టిసోల్ కూడా. అందుకే, బాలింతను గొడవలకు దూరంగా ఉంచమన్న ముసలమ్మలను నేనైతే వెక్కిరించను. ఆక్సిటోసిన్‌ను ‘ప్రేమ హార్మోన్’ అంటూ వాట్సాప్‌లో తిరిగే కబుర్లంటేనే చిరాకు.

పాల కోసం గేదెలకు దొంగచాటుగా పొడిచేదీ ఈ మందే. అందుకని 2018లో కేంద్రం ప్రైవేటు తయారీని ఆపమని ఉత్తర్వు ఇస్తే, ఆ డిసెంబరులోనే ఢిల్లీ హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. ఆ సంగతి వచ్చే నెల.